ట్రిపుల్ జంప్ శిక్షణ: లోపాలు పట్టడం, సరిదిద్దడం

ట్రిపుల్ జంప్ అథ్లెటిక్స్‌లో మూడు అంగల ఈవెంట్. రన్‌వే మీద వేగంగా వచ్చిన జంపర్ బోర్డు మీద ఏ కాలితో లేచాడో అదే కాలి మీద దిగితే అది హాప్. అక్కడి నుంచి లేచి రెండో కాలి మీద దిగితే స్టెప్. ఆ రెండో కాలితోనే లేచి ఇసుకలో పడితే జంప్. పాదాల వరుస కుడి-కుడి-ఎడమ కావచ్చు, ఎడమ-ఎడమ-కుడి కావచ్చు. మూడూ నడుమ ఆగకుండా ఒకదాని కొసన ఒకటి జరిగిపోతాయి. అందుకే ఈ ఈవెంట్‌లో తప్పు పట్టడం కష్టం. స్టెప్ పొట్టిగా పడితే కారణం చాలాసార్లు హాప్‌లో ఉంటుంది. హాప్ చెడితే కారణం రన్నప్ చివరి నాలుగైదు అంగల్లో దొరుకుతుంది. లోపం కంటికి కనిపించిన చోటు నుంచి ఒక దశ వెనక్కి వెళ్లి వెతికే కోచ్‌కే అసలు కారణం చిక్కుతుంది.

నియమాలు, వాటి ప్రభావం

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఈ ఈవెంట్‌ను గెలిచిన అమెరికన్ జేమ్స్ కొనలీ ఒకే కాలితో రెండుసార్లు కుంటి, ఆపైన దూకి 13.71 మీటర్లు సాధించాడు. ఆధునిక ఒలింపిక్స్‌లో తొలి విజేత ఆయనే. హాప్-స్టెప్-జంప్ వరుస ఆ తర్వాత స్థిరపడింది. మహిళలకు ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 1993లో, ఒలింపిక్స్‌లో 1996లో చోటు దక్కింది.

కోచ్ పనిని నేరుగా తాకే నియమాలు కొన్నే. అంతర్జాతీయ పోటీల్లో బోర్డు నుంచి ఇసుక గుంట అంచు దాకా దూరం పురుషులకు కనీసం 13 మీటర్లు, మహిళలకు కనీసం 11 మీటర్లు ఉండాలి. చిన్న స్థాయి పోటీల్లో ఇంకా దగ్గరి బోర్డులు వాడతారు. సాధనలో ఈ దూరాన్ని పట్టించుకోకపోతే మైదానమే తప్పు నేర్పుతుంది. మొత్తం 11 మీటర్లు దూకగల బడిపిల్లవాణ్ని 11 మీటర్ల బోర్డు మీద నుంచి దూకిస్తే, ఇసుక అందుతుందో లేదోనన్న భయంతో హాప్‌ను, స్టెప్‌ను బలవంతంగా సాగదీస్తాడు. అదే పిల్లవాడికి 9 మీటర్ల దగ్గరో 7 మీటర్ల దగ్గరో సున్నంతో ఒక గీత గీసి చూపిస్తే సగం లోపాలు ఆ రోజే మాయమవుతాయి.

ఇంకో నియమం వెనక కాలికి సంబంధించింది. ఒకప్పుడు గాలిలో ఉండాల్సిన రెండో కాలు మధ్యలో నేలను రాసుకున్నా ఫౌల్. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా జంపర్ ఇయాన్ క్యాంప్‌బెల్ పొడవైన ప్రయత్నం ఒకటి ఇలాగే ఫౌల్ జాబితాలో చేరి పెద్ద వివాదమైంది. ఆ తర్వాత నియమం మార్చారు. వెనక కాలు నేలకు తగలడం ఇప్పుడు ఫౌల్ కాదు. కానీ కోచ్ నోటు పుస్తకంలో అది ఇప్పటికీ లోపమే. తుంటి కిందికి జారిందనో, కాలు ఆలస్యంగా ముందుకొచ్చిందనో ఆ రాపిడి చెబుతుంది.

మూడు దశల లెక్క

మొత్తం దూరాన్ని మూడు దశలు ఎలా పంచుకుంటాయన్నది లోపాల నిర్ధారణకు పునాది. 1960 ఆగస్టులో పోలండ్‌లోని ఓల్ష్టిన్‌లో యూజెఫ్ ష్మిట్ 17.03 మీటర్లు దూకి, 17 దాటిన మొదటి మనిషి అయ్యాడు. ఆ దూకులో హాప్ 5.99, స్టెప్ 5.02, జంప్ 6.02. శాతాల్లో దాదాపు 35, 30, 35. 1985లో ఇండియానాపోలిస్‌లో విల్లీ బ్యాంక్స్ 17.97 దూకినప్పుడు హాప్ 6.32, స్టెప్ 4.96, జంప్ 6.69. 1995 ఆగస్టు 7న స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్రిటన్ జంపర్ జొనాథన్ ఎడ్వర్డ్స్ తొలి ప్రయత్నంలో 18.16, రెండో ప్రయత్నంలో 18.29 దూకాడు. ఆ ప్రపంచ రికార్డులో హాప్ 6.05, స్టెప్ 5.22, జంప్ 7.02. బ్యాంక్స్ కన్నా హాప్‌లో 27 సెంటీమీటర్లు తగ్గి, మిగిలిన రెండు దశల్లో 59 సెంటీమీటర్లు రాబట్టుకున్నాడు ఎడ్వర్డ్స్.

ఆ లాభం మిగుల్చుకున్న వేగం నుంచి వచ్చింది. మేటి పురుష జంపర్లు బోర్డు దగ్గరికి సెకనుకు 10 మీటర్లు దాటిన వేగంతో వస్తారు. నేలను తాకిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. జంప్‌కు లేచేసరికి సెకనుకు 7, 7.5 మీటర్లు మిగిలితే గొప్ప. ఎత్తుకు ఎగరాలంటే ముందుకు సాగే వేగంలోంచే ఖర్చు పెట్టాలి. హాప్‌లోనే ఎక్కువ ఖర్చు పెట్టేస్తే చివరి దశకు మిగిలేది తక్కువ. ఎడ్వర్డ్స్ చెరువు నీటి మీద విసిరిన చిల్లపెంకులా నేలను తాకీ తాకనట్టు సాగిపోవడానికి కారణం ఈ పొదుపే.

అయితే ఒకే పంపకం అందరికీ సరిపోదు. గత శతాబ్దం నడుమ సోవియట్ జంపర్లు ఎత్తైన, పొడవైన హాప్‌ను నమ్ముకున్నారు. పోలండ్ కోచ్‌లు వేగం చెడని చదునైన పద్ధతిని బోధించారు. అయోవా విశ్వవిద్యాలయంలో బయోమెకానిక్స్ ఆచార్యుడు జేమ్స్ హే ఈ తేడాలను మూడు రకాలుగా విడదీశాడు. హాప్ మిగతావాటికన్నా కనీసం 2 శాతం ఎక్కువైతే హాప్ ప్రధానం, జంప్ అలా ఎక్కువైతే జంప్ ప్రధానం, రెండూ దగ్గరగా ఉంటే సమతుల్యం. బలమైన కాళ్లున్నవారికి మొదటిది, స్ప్రింటర్ వేగం ఉన్నవారికి రెండోది నప్పే అవకాశం ఎక్కువ. కాబట్టి ఎడ్వర్డ్స్ శాతాలను తెచ్చి ప్రతి పిల్లవాడికీ కొలబద్దగా పెట్టడమూ శిక్షణలో ఒక లోపమే.

లోపాన్ని చూసే పద్ధతులు

బోర్డు మీద పాదం ఆనేది సుమారు 0.12 సెకన్లు. తర్వాతి రెండు తాకిళ్లు 0.15 నుంచి 0.18 సెకన్లు. ఇంత తక్కువ సమయంలో మడమ ముందు పడిందా, మోకాలు ఎంత ముడుచుకుందా అన్నది ఎంత అనుభవమున్న కంటికైనా నిక్కచ్చిగా దొరకదు. సెకనుకు 30 ఫ్రేములు తీసే మామూలు వీడియోలో బోర్డు తాకిడి మూడు నాలుగు ఫ్రేముల్లో ముగుస్తుంది. 240 ఫ్రేముల స్లో మోషన్ ఉన్న ఫోన్‌లో అదే తాకిడికి 28 దాకా ఫ్రేములు దక్కుతాయి. ఫోన్‌ను రన్‌వేకు పక్కగా, లంబంగా, నడుము ఎత్తులో కదలకుండా నిలబెట్టాలి. కెమెరాను జంపర్ వెంట తిప్పితే కోణాలు తప్పుగా కనిపిస్తాయి. రెండో వీడియో వెనక నుంచి తీయాలి. పక్కకు ఒరగడం, తుంటి జారడం పక్క వీడియోలో అసలు కనిపించవు.

చెవి మరో సాధనం. మూడు తాకిళ్ల మధ్య విరామాలు దాదాపు సమానంగా వినిపిస్తే దశల పంపకం బాగున్నట్టు లెక్క. మొదటి రెండు తాకిళ్ల మధ్య చాలాసేపు నిశ్శబ్దం ఉండి, మూడోది వెంటనే పడితే హాప్ అతిగా ఎగిరి స్టెప్ కుంచించుకుపోయిందని అర్థం. పాదం చేసే శబ్దానికీ అర్థముంది. చప్పట్లా కొట్టే శబ్దం చురుకైన తాకిడిది. దబ్బుమని మొద్దుగా పడే శబ్దం కాలు ముందుకు చాచి బ్రేకు వేసిందని చెబుతుంది. కొందరు కోచ్‌లు రన్‌వేకు వీపు తిప్పి నిలబడి, లయ మాత్రమే విని దూకు ఎలా ఉందో చెప్పేస్తారు.

ఇక టేపు. సాధనలో మొత్తం దూరం ఒక్కటే కొలిచి వదిలేస్తే నేర్చుకునేది తక్కువ. పాదం గుర్తులు పడేలా రన్‌వే మీద కాస్త ముగ్గుపిండి చల్లి మూడు దశలనూ విడివిడిగా కొలవాలి. ప్రతిసారీ పాదంలో ఒకే భాగం నుంచి, మునివేళ్ల నుంచి మునివేళ్లకు కొలిస్తేనే అంకెలను పోల్చగలం. ఉదాహరణకు చిన్న రన్నప్‌తో 12 మీటర్లు దూకిన అమ్మాయికి హాప్ 4.80, స్టెప్ 2.90, జంప్ 4.30 వచ్చాయనుకుందాం. శాతాలు 40, 24, 36. ఆమె లోపం ఏమిటో ఈ మూడంకెలే చెబుతున్నాయి. ఒక్క దూకు చూసి తీర్పు చెప్పకూడదు. ఐదారు ప్రయత్నాల్లో మళ్లీ మళ్లీ వచ్చేదే లోపం, ఒకసారి వచ్చి పోయింది పొరపాటు.

రన్నప్, బోర్డు

ఎక్కువమంది గమనించే లోపం ఫౌల్. 2021 నవంబరు నుంచి అంతర్జాతీయ పోటీల్లో బోర్డు అంచున పరిచే ప్లాస్టిసిన్ మీద పడే గుర్తు బదులు, టేకాఫ్ గీత నిలువు తలాన్ని పాదం దాటిందా అన్నదే చూస్తున్నారు. షూ మొన గీతకు అవతల గాలిలో ఉన్నా ఫౌలే. సాధారణంగా కోచ్ చేసే పని ప్రారంభ గుర్తును అరడుగు వెనక్కి జరపడం. కొన్నిసార్లు అది చాలు. చాలాసార్లు చాలదు.

బోర్డుకు ఆరు అంగల ముందు రన్‌వే పక్కన కోచ్ ఒక గుర్తు పెట్టుకుని, ప్రతి ప్రయత్నంలో పాదం ఎక్కడ పడిందో రాసుకుంటే విషయం తేలుతుంది. ఆ గుర్తు దగ్గరే పాదం ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే లోపం రన్నప్ ఆరంభంలో ఉంది. మొదటి రెండు మూడు అంగలు ప్రతిసారీ ఒకేలా లేవు. నడుస్తూ వచ్చి పరుగు అందుకునేవారిలో ఇది ఎక్కువ. నిలబడిన చోటు నుంచే మొదలుపెట్టించి, మొదటి నాలుగు అంగలను వేరుగా సాధన చేయించాలి. ఆ గుర్తు దగ్గర పాదం ఒకేచోట పడుతూ బోర్డు దగ్గర తప్పుతుంటే సమస్య చివరి అంగల్లో ఉంది. అప్పుడు చూడాల్సింది మూడు విషయాలు: బోర్డును అందుకోవడానికి అంగను సాగదీస్తున్నాడా, తెగ్గొడుతున్నాడా, తల దించి బోర్డును వెతుకుతున్నాడా.

చివరి అంగల్లో కంటితో కొంత సర్దుకోవడం సహజం. స్కాట్లాండ్‌లో డేవిడ్ లీ బృందం లాంగ్ జంపర్ల మీద చేసి 1982లో ప్రచురించిన పరిశోధన, పరుగు సాగేకొద్దీ పాదాల తేడా పెరుగుతూ పోయి చివరి కొన్ని అంగల్లో చూపు సాయంతో తగ్గుతుందని చూపించింది. కాబట్టి చూడొద్దని శాసించడం పనికిరాదు. వేగం చంపకుండా సర్దుకోవడం నేర్పాలి. చూపును ఇసుక గుంట అవతలి అంచు మీద నిలిపి, బోర్డు లేని రన్‌వే మీద పూర్తి రన్నప్‌ను పదేపదే పరిగెత్తించడం ఇందుకు పాత మందు.

వేగం తగ్గించుకుని బోర్డు మీద సరిగ్గా కాలేసినవాడికన్నా, పూర్తి వేగంతో వచ్చి పది సెంటీమీటర్లు వెనక లేచినవాడికే తరచు ఎక్కువ దూరం దక్కుతుంది. అలాగని సెంటీమీటర్లను తేలిగ్గా తీసుకునే వీలూ లేదు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎల్డోస్ పాల్ 17.03 మీటర్లతో స్వర్ణం, అబ్దుల్లా అబూబకర్ 17.02తో రజతం అందుకున్నారు. ఇద్దరూ కేరళ జంపర్లే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌కు చెందిన జోర్డన్ డియాజ్ 17.86తో గెలిస్తే, పోర్చుగల్ జంపర్ పెడ్రో పిచార్డో 17.84 దగ్గర ఆగాడు.

హాప్

లాంగ్ జంప్ నుంచి వచ్చినవారిలో తప్పనిసరిగా కనిపించే లోపం ఎత్తైన హాప్. లాంగ్ జంప్‌లో శరీరం లేచే కోణం 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, హాప్‌లో సుమారు 15. లాంగ్ జంపర్ బోర్డుకు ముందు అంగలో నడుమును కాస్త దించి పైకి ఎగరడానికి సిద్ధమవుతాడు. ట్రిపుల్ జంప్‌లో ఆ దించడం వీలైనంత తక్కువగా ఉండాలి. బోర్డు మీదా పరుగులాగే సాగిపోవాలి. ఎత్తుకు ఎగిరినవాడు అంతే బరువుగా కింద పడతాడు, మోకాలు కుంగుతుంది, స్టెప్ చచ్చిపోతుంది.

కారణం బట్టి మందు మారుతుంది. పాదాన్ని శరీరానికి బాగా ముందు వేయడం వల్ల ఎత్తు వస్తుంటే, చివరి రెండు అంగలను చురుగ్గా, కాస్త పొట్టిగా వేయించాలి. తల వెనక్కి వాల్చడం వల్ల అయితే చూపు నిలిపే చోటు మార్చాలి. దూరం కోసం ఆరాటపడటం వల్ల అయితే హాప్‌కు హద్దు పెట్టాలి. 12 మీటర్ల అమ్మాయికి 4.20 దగ్గర గీత గీసి, హాప్ దాన్ని దాటకూడదని చెప్పడం తేలికైన దారి.

రెండో లోపం కాలు తిరిగే తీరులో ఉంటుంది. బోర్డు వదిలిన కాలు వెనక్కి సాగి, మడమ పిరుదు దగ్గరికి మడిచి, తొడ నేలకు సమాంతరంగా ముందుకొచ్చి, అప్పుడు కిందికీ వెనక్కీ నేలను లాగుతున్నట్టు దిగాలి. కొత్తవాళ్లు బోర్డు వదలగానే కంగారుగా కాలు ముందుకు తెచ్చేస్తారు. ఇక గాలిలో చేసేదేమీ లేక కాలు చాచుకుని నేల కోసం ఎదురుచూస్తారు. పాదం శరీరానికి చాలా ముందు పడి బ్రేకు వేస్తుంది. నిలబడిన చోటు నుంచి, తర్వాత నాలుగు అంగల రన్నప్‌తో ఒకే కాలి మీద వరుస హాప్‌లు, చిన్న హర్డిళ్ల మీదుగా హాప్‌లు, కుడి-కుడి-ఎడమ-ఎడమ వరుసలో బౌండింగ్ (ఎగిరెగిరి వేసే పొడవైన అంగలు) ఈ చక్రాన్ని నేర్పుతాయి. తొక్కుడుబిళ్ల ఆడి పెరిగిన పిల్లలకు ఒంటికాలి లయ ముందే తెలుసు. వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది ఆ కాలు వెనక నుంచి ముందుకు తిరిగే చక్రమే.

పాదం దిగే తీరు మూడోది. మునివేళ్ల మీద దిగితే పిక్క, చీలమండ భారమంతా మోసి మోకాలు ముందుకు కుప్పకూలుతుంది. మడమ బలంగా ముందు తగిలితే వేగం ఆగి, మడమ కమిలిపోతుంది. పాదం మొత్తం దాదాపు ఒకేసారి, తుంటికి కొంచెమే ముందు ఆనాలి. వీడియోలో పాదం తాకిన ఫ్రేమును ఆపి, మోకాలి కింది ఎముక నిలువుకు ఎంత దగ్గరగా ఉందో చూస్తే తేడా తెలిసిపోతుంది.

స్టెప్

కొత్త జంపర్ల స్టెప్ దాదాపు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. చాలామంది కోచ్‌లు వెంటనే మోకాలు ఎత్తమని అరుస్తారు. ఆ అరుపు అందేసరికి పిల్లవాడు ఇసుకలో ఉంటాడు. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: నిలబడి దూకే ట్రిపుల్ జంప్‌లో, నాలుగు అంగల రన్నప్‌లో కూడా స్టెప్ పొట్టిగానే ఉందా? అక్కడ బాగుండి పూర్తి రన్నప్‌లోనే చెడుతుంటే దోషం హాప్‌ది. అక్కడా పొట్టిగానే ఉంటే దోషం స్టెప్‌ది.

స్టెప్ దోషమే అయితే సాధారణంగా కాలును తొందరపడి దించడం కారణం. ముందు తొడను నేలకు సమాంతరంగా ఎత్తి, ఆ భంగిమను గాలిలో నిలబెట్టి, నేల దగ్గరయ్యాక కాలును దించాలి. ఒక్క క్షణం ఓపిక పట్టడమే ఇక్కడ విద్య. సవరణకు గీతలు బాగా పనికొస్తాయి. పైన చెప్పిన అమ్మాయికి 35-30-35 లెక్కన హాప్ గీత 4.20 దగ్గర, స్టెప్ గీత 7.80 దగ్గర పడతాయి. మొదట ఈ గీతలను మరీ చిన్న రన్నప్‌కు తగ్గించి వేసి, లయ కుదిరాక ఒక్కో అంగ పెంచుతూ వెళ్లాలి. స్టెప్ దిగే చోట పల్చటి మ్యాట్ పరిచి దానిమీద దిగమనడమూ వాడుకలో ఉంది. సమాన విరామాలతో చప్పట్లు కొట్టి, ఆ తాళానికి పాదాలు పడేలా చేయడం బడిపిల్లలకు తొందరగా ఎక్కే మరో ఉపాయం.

జంప్, ఇసుకలో దిగడం

ఇక్కడికి వచ్చేసరికి వేగం సన్నగిల్లి, శరీరం సమతూకం కోసం పోరాడుతూ ఉంటుంది. కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం ముందు దశల నుంచి వచ్చినవే. ఈ దశకే చెందినవి రెండు. మొదటిది, పైకి లేవకుండా ముందుకే పడిపోవడం. ఇక్కడ మాత్రం హాప్‌కన్నా ఎక్కువ కోణంలో లేవాలి, మోకాలూ చేతులూ గట్టిగా పైకి కదలాలి. రెండోది, కాళ్లు ముందే ఇసుకలో పడటమో, పడ్డాక వెనక్కి కూలబడటమో. దూరాన్ని కొలిచేది ఇసుకలో బోర్డుకు అతి దగ్గరగా పడిన గుర్తు నుంచి. మడమలు ఎంత దూరం వెళ్లినా, వెనక చెయ్యి ఆనితే లెక్క చేతిదే. మడమలు దిగగానే మోకాళ్లు మడిచి తుంటిని ముందుకో పక్కకో జార్చడాన్ని నిలబడిన చోటు నుంచి ఇసుకలోకి దూకిస్తూ విడిగా నేర్పవచ్చు.

చేతులు, మొండెం, నేరుగా సాగడం

చేతులు ఊపే పద్ధతులు మూడు. పరుగులోలా ఒకటి మార్చి ఒకటి ఊపడం, రెండూ ఒకేసారి ముందుకు విసరడం, బోర్డు దగ్గర ఒక పద్ధతి పాటించి తర్వాతి దశల్లో రెండు చేతులకు మారడం. రెండు చేతుల పద్ధతి బలాన్నిస్తుంది. కానీ కొత్తవాళ్లు చేతులు వెనక్కి తీసుకునే సన్నాహంలో చివరి రెండు అంగల వేగం పోగొట్టుకుంటారు. అలాంటివారికి బోర్డు దగ్గర పరుగు చేతులే ఉంచి, స్టెప్‌కూ జంప్‌కూ రెండు చేతులు నేర్పితే వేగం నిలుస్తుంది.

నడుము దగ్గర ముందుకు వంగిపోవడం అందరికీ కనిపించే లోపం. వీపు నిటారుగా పెట్టమని చెబితే ఒకటి రెండు దూకులకు సర్దుకుని మళ్లీ మొదటికొస్తుంది. ఎందుకంటే వంగడం చాలాసార్లు ఫలితం. హాప్ కాలు ఆలస్యంగా దిగినా, పాదం ముందు పడి బ్రేకు వేసినా మొండెం ఉరవడికి ముందుకు తూలుతుంది. పాదం దిగే చోటు సరిచేస్తే వీపు దానంతటదే నిలబడుతుంది. అప్పటికీ నిలబడకపోతే పొట్ట, నడుము కండరాల బలం చూడాలి.

పక్కకు ఒరగడాన్ని రన్‌వే మధ్యలో సున్నపు గీత గీసి పరీక్షిస్తారు. పాదాలు గీతకు అటూ ఇటూ దూరదూరంగా పడుతుంటే బలంలో కొంత పక్కలకు పోతోంది. చేతులు ఛాతీకి అడ్డంగా తిరగడం, బోర్డు మీద పాదం అడ్డంగా పడటం, తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉండటం ముఖ్య కారణాలు. ట్రాక్ లేన్ గీత మీద బౌండింగ్ మొదటి రెండింటికి మందు. మూడోదానికి వ్యాయామశాలే దారి.

టెక్నిక్ లోపమా, బలం లోపమా

ఒకే లోపానికి తెలియకపోవడం కారణం కావచ్చు, చేతకాకపోవడం కారణం కావచ్చు. చిన్న రన్నప్‌తో చక్కగా దూకే జంపర్ వేగం పెరగగానే కుంగిపోతుంటే అతనికి చెప్పాల్సిందేమీ లేదు, కాలికి బలం చాలడం లేదు. స్టెప్ కోసం నేల తాకేటప్పుడు కాలి మీద పడే ఒత్తిడి శరీర బరువుకు 15 రెట్ల దాకా వెళ్లవచ్చని కొలతలు చూపాయి. 70 కిలోల మనిషి విషయంలో అది టన్ను బరువును మించుతుంది. చిన్న రన్నప్‌లోనూ అదే తప్పు చేస్తుంటే అది నేర్చుకోవాల్సిన విషయం. మూడోది అలసట. మొదటి మూడు దూకుల్లో లేని లోపం ఆరో దూకులో వస్తే సవరణ చెప్పడం మాని సాధన ఆపేయాలి.

బలం పెంచే సాధనకు ఈ ఈవెంట్ ప్రపంచానికి ఇచ్చిన బహుమతి ఒకటుంది. సోవియట్ కోచ్, పరిశోధకుడు యూరీ వెర్ఖొషాన్‌స్కీ ట్రిపుల్ జంప్ తాకిళ్లను గమనించి, ఎత్తు నుంచి దిగి వెంటనే పైకి ఎగిరే డెప్త్ జంప్ సాధనను 1960ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడు ప్లయోమెట్రిక్స్ పేరుతో అన్ని ఆటల్లోనూ వాడుతున్న శిక్షణకు మూలాల్లో ఇదొకటి. అయితే ఇది కాళ్లకు ముందే తగిన బలం ఉన్నవారికి ఉద్దేశించిన సాధన. ఎదిగే పిల్లలకు గడ్డి మీద తక్కువ ఎత్తు బౌండింగ్‌లు చాలు.

గాయాలు చెప్పే సంగతులు

మడమ కమలడం, మోకాలి చిప్ప కింది స్నాయువు నొప్పి, కాలి ఎముకలో ఒత్తిడి పగుళ్లు, నడుము కింది భాగంలో నొప్పి ట్రిపుల్ జంపర్లకు పరిచితమైన బాధలు. ఇవి లోపాలను పట్టించే గుర్తులు కూడా. మడమ పదేపదే కమిలితే పాదం ముందు పడుతోందేమో చూడాలి. మోకాలి చిప్ప కింద నొప్పి ఉంటే ఎత్తైన హాప్‌ను, మోకాలి కుంగుబాటును అనుమానించాలి. నొప్పి తగ్గకపోతే డాక్టర్‌కో ఫిజియోథెరపిస్ట్‌కో చూపించాకే మళ్లీ రన్‌వే ఎక్కించాలి. మేటి జంపర్లకూ ఈ ముప్పు తప్పలేదు. అమెరికా జంపర్ క్రిస్టియన్ టేలర్ 2021లో, వెనెజువెలాకు చెందిన యులిమార్ రోహాస్ 2024లో అకిలెస్ స్నాయువు తెగి ఒలింపిక్స్‌కు దూరమయ్యారు. రోహాస్ 2021 టోక్యోలో 15.67 మీటర్లతో మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పిన జంపర్.

భారత క్రీడా చరిత్రలోనూ ఒక ఉదాహరణ ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో హెన్రీ రెబెలో ట్రిపుల్ జంప్ ఫైనల్‌కు చేరాడు. మరో ఈవెంట్ పతకాల బహూకరణ కోసం ఆయన్ను దూకకుండా ఆపి ఉంచారు. ఒళ్లు చల్లబడిన స్థితిలో దూకబోయి తొడ వెనక కండరం దెబ్బతిని పోటీ నుంచి తప్పుకున్నాడు. ఎదురుచూపు ఎంతసేపైనా ఒంటి వేడి నిలుపుకోవడం ఇప్పుడు శిక్షణలో భాగం.

సవరణ క్రమం

ఐదు లోపాలు కనిపించినప్పుడు ఐదూ చెబితే ఒక్కటీ మారదు. అనుభవమున్న కోచ్‌లు వరుసలో అన్నిటికన్నా ముందు పుట్టిన లోపాన్ని ఎంచుకుని, దానికి ఒకే సూచన ఇస్తారు. ఆ సూచన శరీర భాగం గురించి కాకుండా చేయాల్సిన పని గురించి ఉంటే త్వరగా పడుతుంది. చీలమండను బిగించమనేకన్నా నేలను వెనక్కి లాగమంటే పిల్లలకు అర్థమవుతుంది. ఆ తర్వాత చిన్న రన్నప్‌లో విడి భాగంగా సాధన, వెంటనే అదే రన్నప్‌తో మొత్తం దూకు, అది కుదిరితే రెండేసి అంగల పెంపు. కొత్తవారు ఎనిమిది నుంచి పన్నెండు అంగల రన్నప్‌తో పోటీ పడటమే మేలు. మేటి జంపర్ల 16, 18 అంగలను అనుకరిస్తే అదుపు చేయలేని వేగంతో బోర్డు మీదికి వస్తారు. పూర్తి రన్నప్ దూకులను లెక్కబెట్టి వాడాలి. పోటీలో ఫైనల్‌కు చేరినా ఉండేవి ఆరు ప్రయత్నాలే.

పోటీల సీజన్ నడుమ పెద్ద మార్పులు చేయరు. అలవాటైన కదలికను మార్చినప్పుడు దూరం కొంతకాలం తగ్గడం మామూలే. అందుకే ఆ పనిని పోటీలు లేని నెలలకు వదిలేసి, సీజన్‌లో గుర్తులు, లయ మాత్రమే సర్దుతారు.

భారత్‌లో ఈ ఈవెంట్ స్థాయి ఇటీవల బాగా పెరిగింది. 2016లో బెంగళూరులో రంజిత్ మహేశ్వరి 17.30 మీటర్లతో నెలకొల్పిన జాతీయ రికార్డును 2023 మేలో హవానాలో తమిళనాడుకు చెందిన ప్రవీణ్ చిత్రవేల్ 17.37కు పెంచాడు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో అర్పిందర్ సింగ్ 16.77తో స్వర్ణం గెలిచాడు. మహిళల్లో మయూఖా జానీ 2011లో 14 మీటర్లు దాటింది.

ఏ కాలితో లేవాలి

నిర్ధారణలో చివరికి మిగిలే ప్రశ్న, నిజానికి మొదటి రోజే అడగాల్సింది. మూడు తాకిళ్లలో రెండు, అంటే బోర్డు మీదిదీ హాప్ తర్వాతిదీ, ఒకే కాలివి. కాబట్టి సాధారణంగా బలమైన కాలినే బోర్డు మీద పెట్టిస్తారు. పిల్లలు లాంగ్ జంప్ అలవాటు కొద్దీ ఎంచుకున్న కాలు ట్రిపుల్ జంప్‌కూ సరైనదని అనుకోనక్కర్లేదు. రెండు కాళ్లతోనూ ఐదేసి వరుస హాప్‌లు వేయించి దూరం కొలిచి, రెండు వరుసల్లోనూ చిన్న రన్నప్ దూకులు దూకించి చూశాకే తేల్చాలి.

ఈ ఎంపిక తర్వాత కూడా మార్చుకోవచ్చనడానికి టేలరే సాక్ష్యం. 2011 దేగు ప్రపంచ చాంపియన్‌షిప్‌ను 17.96తో, 2012 లండన్ ఒలింపిక్స్‌ను 17.81తో ఎడమ కాలి టేకాఫ్‌తోనే గెలిచాడు. మోకాలి బాధ వల్ల ఆ తర్వాత కుడి కాలికి మారి, హాప్ చక్రం, స్టెప్ ఓపిక, చేతుల లయ అన్నీ రెండో పక్క మళ్లీ నేర్చుకున్నాడు. 2013 మాస్కో ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో నాలుగో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 2015 ఆగస్టులో బీజింగ్‌లో కుడి కాలితో లేచి 18.21 మీటర్లు దూకాడు. ఎడ్వర్డ్స్ ప్రపంచ రికార్డుకు అది 8 సెంటీమీటర్లు తక్కువ. మరుసటి ఏడాది రియోలో 17.86తో రెండో ఒలింపిక్ స్వర్ణం అందుకున్నాడు.